రెండు పర్సెంట్ దేశం: గయానాలో 2025 మార్చి వారం

దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున ఉన్న గయానా అనగానే ఇన్నాళ్ళూ నాకు గుర్తొచ్చేది చందర్‌పాల్ క్రీజులో అడ్డంగా నిలబడే తీరు, 2024 జూన్‌లో ప్రావిడెన్స్ గ్రౌండ్‌లో మనవాళ్ళు ఇంగ్లండ్‌ని 68 పరుగులతో కొట్టిన సెమీఫైనల్, అంతే. ఆయిల్ సంగతి న్యూజెర్సీలో మా ఆఫీసులో పక్క సీటు కుర్రాడి వల్ల తెలిసింది. వాడిది న్యూయార్క్ క్వీన్స్‌లో రిచ్‌మండ్ హిల్, పుట్టింది గయానాలో బెర్బీస్ వైపు. "మా దేశం ఇప్పుడు ప్రపంచంలో అందరికన్నా స్పీడుగా పెరుగుతోంది, కానీ మా ఆంటీ ఇంటికి వారంలో రెండుసార్లు కరెంటు పోతుంది" అని వాడన్న మాట నాకు బాగా ఎక్కింది. నేను అమలాపురం పక్కవాణ్ణి మరి. 1995లో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేది, మేం డాబా మీద పడుకుని చూసేవాళ్ళం. భూమిలోంచి గ్యాసు పోతుంటే పైనున్న ఊరికి ఏం మిగులుతుందన్న ప్రశ్న మా పెద్దాళ్ళు అరుగుల మీద ముప్ఫయ్యేళ్ళుగా వేసుకుంటూనే ఉన్నారు. అందుకే హోలీకి వాళ్ళ ఆంటీ ఇంటికి రమ్మంటే సరే అనేశాను, వాడికి మాత్రం లీవు దొరకలేదు.

2025 మార్చి 11, మంగళవారం, జార్జ్‌టౌన్

ఎయిర్‌పోర్టు టిమేరీ అనే చోట ఉంది, సిటీకి 40 కిలోమీటర్లు. రెండు గంటలు పట్టింది. మనలాగే ఎడమపక్కన నడుపుతారు, మనలాగే హారన్ కొడతారు, రోడ్డు పొడుగునా తవ్వకాలు, కాంక్రీటు మిక్సర్లు, సగం లేచిన హోటళ్ళు. డ్రైవరు యాభై దాటిన మనిషి, మొహం చూస్తే బిహార్ అనుకుంటాం, నోరు తెరిస్తే పక్కా కరేబియన్. నేను ఇండియా అనగానే 2024 నవంబర్లో మోదీ వచ్చెళ్ళిన సంగతి ఎత్తాడు, ఇందిరాగాంధీ 1968లో వచ్చాక మళ్ళీ ఇప్పుడే ఒక ఇండియా ప్రధాని రావడమట. ఆ వెంటనే, నేనేమీ అడక్కుండానే, స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి రెండు వేళ్ళు చూపించాడు. "టూ పర్సెంట్, అంకుల్. వాళ్ళు మాకు టూ పర్సెంట్ ఇస్తున్నారు." నాకన్నా పెద్దాడు నన్ను అంకుల్ అంటున్నాడు, పోన్లే అనుకున్నాను.

ఆ రెండు వేళ్ళు వారమంతా కనిపించాయి, టీ షాపులో, బస్సులో, గుళ్ళో. అందుకని లెక్క ఇక్కడే చెప్పేస్తాను. ఒడ్డుకి దాదాపు 200 కిలోమీటర్ల అవతల సముద్రంలో స్టాబ్రోక్ బ్లాక్ అని ఉంది, అక్కడ 2015 మేలో ఎక్సాన్ మొబిల్‌కి ఆయిల్ తగిలింది. 2016లో అప్పటి సర్కారు ఒప్పందం రాసుకుంది, 2019 డిసెంబర్ నుంచి తీస్తున్నారు. వంద డాలర్ల ఆయిల్ అమ్మితే అందులో 75 దాకా కంపెనీలు పెట్టుబడి ఖర్చు కింద తీసుకోవచ్చు. మిగిలిన 25లో సగం దేశానిది, అంటే పన్నెండున్నర. దానికి తోడు రాయల్టీ రెండు, ఆ రెండు వేళ్ళు దీనికే. మొత్తం పద్నాలుగున్నర. ఇంకో విశేషం, కంపెనీలు కట్టాల్సిన ఇన్‌కమ్‌టాక్స్ కూడా ప్రభుత్వం తన వాటాలోంచే కడుతుంది. సంతకం పెట్టినందుకు కంపెనీ ఇచ్చిన బోనస్ కోటీ 80 లక్షల డాలర్లు. ఆ ఒప్పందం కాగితాలు జనం కళ్ళబడింది 2017 చివర్లో.

ఇదంతా ఒక టాక్సీ డ్రైవరు చెప్పగలడా అనుకుంటున్నారా, నాకు రింగ్‌ఫెన్సింగ్ లేకపోవడం అంటే ఏంటో కూడా ఆయనే చెప్పాడు. ఒక బావిలో వచ్చిన లాభంలోంచి ఇంకో కొత్త బావి ఖర్చు తీసుకోవచ్చన్నమాట, కాబట్టి ఖర్చుల పద్దు ఎప్పటికీ తీరదని ఆయన బాధ. మా కోనసీమలో కేజీ బేసిన్ రాయల్టీ ఎంతో చెప్పగలిగిన ఆటోవాలాని నేనైతే ఇంతవరకు చూళ్ళేదు.

ఛార్జీ 35 అమెరికన్ డాలర్లు. ఇక్కడి డాలరు వేరే, మన రూపాయికి సుమారు రెండున్నర గయానా డాలర్లు వస్తాయి. అతిపెద్ద నోటు అయిదు వేలది, హోటల్ బిల్లు కట్టాలంటే కట్ట తీయాలి. పెద్ద హోటళ్ళన్నీ ఆయిల్ కంపెనీల వాళ్ళతో నిండిపోయి రేట్లు మండిపోతున్నాయి, నేను 70 అమెరికన్ డాలర్ల గెస్ట్‌హౌస్‌లో దిగాను, అందులో ఏసీ ఉందిగానీ అది ఎప్పుడు తిరగాలో దానిష్టం. రాత్రి కుకప్ రైస్ తిన్నాను, కొబ్బరిపాలల్లో బియ్యం, అలసంద గింజలు, చికెన్ అన్నీ కలిపి ఉడికించేసేది, పక్కన విరివిరి మిరపకాయల సాస్. ఎర్రగా రేగిపళ్ళలా ఉంటాయి ఆ మిరపకాయలు, గుంటూరు వాళ్ళు కూడా మర్యాద ఇవ్వాల్సిందే.

మార్చి 12, బుధవారం, మార్కెట్లు, పార్లమెంటు, ఒక వంతెన

పొద్దున్నే స్టాబ్రోక్ మార్కెట్. 1881లో కట్టిన ఇనప షెడ్డు, పైన గడియారం స్తంభం, ముందర మినీబస్సుల అడ్డా. బస్సుల వాళ్ళు భుజం పట్టి లాగేస్తారు, ఒక్కో బస్సులో ఒక్కో పాట చెవులు పగిలేలా. జనంలో సగం మంది స్పానిష్ మాట్లాడుతున్నారు, వెనిజులా నుంచి వచ్చినవాళ్ళు, కొంతమంది క్యూబా వాళ్ళు. ఒక అమ్మ దగ్గర ఎగ్ బాల్ తిన్నాను, ఉడికించిన గుడ్డు చుట్టూ కర్రపెండలం ముద్ద పట్టించి నూనెలో వేయిస్తారు, పైన పచ్చిమామిడి పచ్చడి పోస్తారు, మాంగో సవర్ అంటారు. మూడొందలు, మన డబ్బుల్లో 125 దాకా. రెండోది కూడా తిన్నాను.

మార్కెట్‌కి పక్కనే పార్లమెంటు భవనం, గుమ్మటం, స్తంభాలు, ముందర రెండు ఫిరంగులు. కోవిడ్ అప్పట్నుంచి సభ మాత్రం ఎక్కువగా ఊరి చివర చైనా వాళ్ళు కట్టిచ్చిన ఆర్థర్ చుంగ్ కాన్ఫరెన్స్ సెంటర్లో జరుగుతూ వచ్చింది. ఆర్థర్ చుంగ్ అంటే ఈ దేశపు మొదటి ప్రెసిడెంట్, చైనా సంతతి ఆయన. గేటు దగ్గర గార్డు లోపలికి పంపలేదుగానీ నీడలో నిలబెట్టి అరగంట కబుర్లు చెప్పాడు. మొత్తం సీట్లు 65. జనం పార్టీ లిస్టుకి ఓటేస్తారు, ఎక్కువ ఓట్లు వచ్చిన లిస్టు పైనున్న మనిషే ప్రెసిడెంట్, సగం దాటాలన్న రూలు లేదు. 2018 డిసెంబర్లో అవిశ్వాసం పెడితే అధికార పక్షం మెంబరు ఒకాయన ప్లేటు మార్చి 33–32తో ప్రభుత్వాన్ని పడగొట్టేశాడు. అప్పుడు ప్రభుత్వం ఏమందో తెలుసా, 65లో సగం ముప్ఫైరెండున్నర, దాన్ని పైకి రౌండ్ చేస్తే 33, మెజారిటీ అంటే దానికి ఒకటి కలపాలి కాబట్టి 34 కావాలి అంది! ఆ లెక్క ట్రినిడాడ్‌లో ఉన్న కరేబియన్ కోర్టు దాకా వెళ్ళింది, 33 చాలు నాయనా అని వాళ్ళు 2019 జూన్‌లో తేల్చారు. తర్వాత 2020 మార్చి 2న ఎన్నికలు పెడితే ఫలితం ప్రకటించింది ఆగస్టు 2న. అయిదు నెలలు. మనకి ఈవీఎంల మీద గోల ఒక వారం ఉంటే ఎక్కువ.

గార్డు నల్లజాతి మనిషి, ముప్ఫై ఉంటాయేమో. ఆ ఓట్లు ఎవరు దొంగిలించారని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఈ దేశంలో ఆ ప్రశ్నకి జవాబు అడిగిన మనిషి రంగుని బట్టి ఉంటుందని నాకు సాయంత్రానికి అర్థమైంది. 2012 జనాభా లెక్కల్లో భారతీయ సంతతి 40 శాతానికి దగ్గర, ఆఫ్రికన్ సంతతి 29, మిశ్రమం 20, ఆదివాసులు పది. ఇండియన్లు ఎక్కువగా పీపీపీ పార్టీ వైపు, ఆఫ్రికన్లు ఎక్కువగా పీఎన్‌సీ పార్టీ వైపు. 1950ల్లో ఇండియన్ నాయకుడు చెడ్డీ జగన్, ఆఫ్రికన్ నాయకుడు ఫోర్బ్స్ బర్నమ్ ఒకే పార్టీ. 1953లో గెలిచి 133 రోజులు పాలించారు, కమ్యూనిస్టులని చెప్పి బ్రిటిష్‌వాళ్ళు సైన్యాన్ని దింపి రాజ్యాంగాన్నే ఆపేశారు. ఆ తర్వాత ఇద్దరూ విడిపోయారు, పీపీపీ జగన్‌ది, పీఎన్‌సీ బర్నమ్‌ది అయ్యాయి, జనం కూడా అదే గీత మీద విడిపోయి ఇంతవరకు కలవలేదు.

బౌర్డా మార్కెట్లో కూరగాయలు చూస్తుంటే మా పెదపూడి సంత గుర్తొచ్చేస్తుంది, పొడుగు చిక్కుళ్ళు, వంకాయలు, కాకర, బెండ, తోటకూర, అన్నీ ఉన్నాయి, రేట్లు మాత్రం మనం తట్టుకోలేం. ఒక ముసలమ్మ, ఆఫ్రికన్ ఆవిడ, టమాటాలు పేర్చుకుంటూ, "ఆయిల్ సముద్రంలో దొరికింది, ధర నా బుట్టలో పెరిగింది" అని గట్టిగా నవ్వింది. 2024 అక్టోబర్లో ప్రెసిడెంట్ ఇర్ఫాన్ అలీ ఇంటికి రెండు లక్షల గయానా డాలర్లు ఇస్తామన్నాడు, గొడవయ్యేసరికి పద్ధతి మార్చి పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషికీ లక్ష అన్నారు. మన లెక్కలో 41 వేల పైచిలుకు. చెక్కు రూపంలో ఇచ్చారు, ఊరూరా స్కూళ్ళలో కమ్యూనిటీ సెంటర్లలో రిజిస్ట్రేషను, క్యూలు. ఆవిడకి వచ్చింది, చెక్కు మార్చుకోడానికి బ్యాంకు బయట ఒక పూట ఎండలో నిలబడిందట. ఏం చేశారు అంటే పాత ఫ్రిజ్ పారేసి కొత్తది తెచ్చింది. "వోటు ఎవరికి అని అడక్కు" అని వేలు చూపించింది. నేనడగబోతున్నానని ఎలా తెలిసిందో.

మధ్యాహ్నం మా కొలీగ్ దోస్తు ఒకతను కారేసుకొచ్చాడు, వేల్స్ చూపిస్తానని. డెమెరారా నది మీద అప్పటికింకా పాత వంతెనే వాడుతున్నారు, 1978లో కట్టిన తేలే వంతెన, దాదాపు రెండు కిలోమీటర్లు, నీటి మీద ఇనప డ్రమ్ముల్లాంటివి వరసగా పెట్టి వాటి మీద రోడ్డు వేశారు. పక్కనే చైనా కంపెనీ కొత్త వంతెన లేపుతూ ఉండేది, స్తంభాల మీద తీగలు కడుతూ కనిపించారు. మేం దగ్గరికెళ్ళే సరికి పెద్ద ఓడ వస్తోందని మధ్య ముక్క జరిపేశారు. ఇది అప్పట్లో రోజూ ఉండేదే, టైమ్ పేపర్లో వేసేవాళ్ళు, ఆటుపోటుని బట్టి మారుతుండేది. గంటన్నర నిలబడిపోయాం. జనానికేం కంగారు లేదు, కార్లు ఆపేసి దిగారు, ఒకడు కొబ్బరిబోండాలు కొట్టడం మొదలుపెట్టాడు, ఒకాయన డిక్కీలోంచి డామినోలు తీశాడు.

వేల్స్‌లో చెరకు ఎస్టేటు 2016లో మూసేశారు. ఇప్పుడు అక్కడ సముద్రం నుంచి పైపులో గ్యాసు తెచ్చి 300 మెగావాట్ల కరెంటు తీస్తారట, అది వస్తే బిల్లు సగమవుతుందని ప్రభుత్వం మాట. గేట్లు, క్రేన్లు, ధూళి. పక్కన టీ కొట్లో కూర్చున్న ఇద్దరు పాత ఎస్టేటు కూలీలు ఆ ప్లాంటులో పని దొరకలేదని, వెల్డింగు సర్టిఫికెట్లు అడుగుతున్నారని చెప్పారు. తిరుగు దారిలో మావాడు షార్ట్‌కట్ అని ఒక మట్టిరోడ్డులోకి తిప్పాడు, అది కాలవ గట్టు మీద ఒక చెరకు చేలో ఆగిపోయింది, వెనక్కి తిప్పుకోడానికి జాగా లేక ముప్పావు కిలోమీటరు రివర్సులో రావాల్సొచ్చింది. చీకటిపడింది కదా అని కారుని వాళ్ళ చుట్టాలింట్లో వదిలేసి వ్రీడెన్‌హోప్ రేవులో స్పీడ్‌బోటు ఎక్కాం, పది నిమిషాల్లో స్టాబ్రోక్‌లో దింపాడు, ఖర్చు రెండొందల లోపే. ఆ రాత్రి గెస్ట్‌హౌస్‌లో కరెంటు పోయింది.

మార్చి 13, గురువారం, బెర్బీస్ దారిలో

50 నంబరు మినీబస్సు రోసిగ్నోల్ దాకా వెళ్తుంది. పదిహేను మంది సీట్లు, ఒళ్ళో బ్యాగులు. రోడ్డుకి ఒకపక్క అట్లాంటిక్, ఇంకో పక్క వరిచేలు, మధ్యలో కాలవలు, కొబ్బరిచెట్లు, రోడ్డు మీద ఆవులు. కళ్ళు మూసి తెరిస్తే ముమ్మిడివరం రోడ్డు అంటే నమ్మేస్తాను, అచ్చం అదే పచ్చ. ఒక్కటే తేడా, ఇక్కడ పోటు వస్తే నేల సముద్రమట్టం కన్నా కిందకి ఉంటుంది. డచ్‌వాళ్ళు వేసిన ఏర్పాటది, కోకర్ అని చెక్క తలుపుల లాకు, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తలుపు ఎత్తి ఊళ్ళో నీళ్ళు వదుల్తారు, పోటు రాగానే దించేస్తారు. రోజుకి రెండుసార్లు, సెలవుల్లేవు. దేశం వైశాల్యం 2 లక్షల 15 వేల చదరపు కిలోమీటర్లు, మన రెండు రాష్ట్రాలు కలిపిన దాంట్లో ముప్పావు వంతుకి పైనే, ఉన్నది సుమారు ఎనిమిది లక్షల మంది, అందులో నూటికి తొంభై మంది ఈ సన్నటి తీరం మీదే. మిగతాదంతా అడవి.

పోర్ట్ మోరాంట్‌లో ఆంటీ ఇల్లు. స్తంభాల మీద చెక్క ఇల్లు, కింద ఖాళీ జాగాలో ఉయ్యాల మంచం, పొయ్యి, కుక్క, సగం జీవితం అక్కడే. దీన్ని బాటమ్ హౌస్ అంటారు. ఆవిడకి 74. వెళ్ళగానే నా పేరు అడగలేదు, తిన్నావా అని అడిగింది. పరాటా రోటీ కాల్చి, వేడివేడిది రెండు చేతుల మధ్య వేసుకుని చప్పట్లు కొట్టినట్టు కొట్టింది, పొరలు విడిపోయాయి. గుమ్మడికాయ కూర, పప్పు. పెసలు కాదు కందులు కాదు, పసుపు బఠాణీ పప్పు, జీలకర్ర వెల్లుల్లి నూనెలో మాడ్చి తాలింపు పెడుతుంది.

ఆ పప్పు వడ్డిస్తూ చెప్పింది. బర్నమ్ 1964లో అధికారానికి వచ్చి 1985లో చచ్చిపోయేదాకా వదల్లేదు, ఎన్నికలన్నీ పేరుకే. దేశాన్ని 1970లో కోఆపరేటివ్ రిపబ్లిక్ చేశాడు, ఇప్పటికీ అధికారికంగా పేరు అదే. చక్కెర, బాక్సైట్ అన్నీ జాతీయం చేశాడు, డాలర్లు అయిపోయాయి, దాంతో 80ల్లో గోధుమపిండి దిగుమతి బందు. పప్పు బందు. బంగాళాదుంపలు బందు. దేశంలో పండిందే తినండి అన్నాడు. "రోటీ తినేవాళ్ళ మీదే కదా పడింది" అంది ఆంటీ. వరిపిండితో రోటీ చేస్తే విరిగిపోయేది. సురినామ్ నుంచి రాత్రిళ్ళు పడవల్లో దొంగ పిండి వచ్చేది. వాళ్ళాయన రెండు పౌన్ల పిండి బియ్యం డబ్బాలో అడుగున దాచేవాడట, పోలీసు వచ్చి డబ్బాలో చెయ్యిపెట్టి చూసేవాడట. "పెళ్ళిలో పప్పు వడ్డిస్తే ఊరంతా మాట్లాడుకునేవాళ్ళు." పప్పు లేని పెళ్ళి! ఊహించుకోండి. మా ఊళ్ళో అయితే గవర్నమెంటు ఆ వారమే పడిపోయేది.

చెడ్డీ జగన్ పుట్టింది ఈ ఊళ్ళోనే, చెరకు తోటలో. 1992లో జిమ్మీ కార్టర్ వచ్చి పరిశీలిస్తే జరిగిన ఎన్నికల్లో మళ్ళీ గెలిచాడు. ఆంటీ గోడ మీద లక్ష్మీదేవి పక్కనే ఆయన ఫోటో. ఇప్పటి ప్రభుత్వం ఆయన పార్టీదే కదా, ఆయిల్ ఒప్పందం ఎందుకు మార్చరు అన్నాను. ఆవిడ కాస్త ఇబ్బంది పడింది. రాసింది పీఎన్‌సీ కూటమి, అప్పుడు తిట్టింది పీపీపీ, కుర్చీ ఎక్కాక సంతకం పవిత్రం ముట్టుకోం అంటోంది ఈ పీపీపీయే. కొత్త బ్లాకులకి మాత్రం 10 శాతం రాయల్టీ పెట్టారు. "సంతకం పెట్టినాక ఏం చేస్తారు బాబూ, పెళ్ళి లాంటిది" అని లేచి గిన్నెలు తీసింది.

రాత్రి హోలిక. వసంత పంచమినాడు నాటిన ఆముదం మొక్క చుట్టూ కట్టెలు, కొబ్బరాకులు పేర్చి కాల్చారు.

మార్చి 14, శుక్రవారం, ఫగ్వా

ఇక్కడ హోలీ జాతీయ సెలవు, పేరు ఫగ్వా. పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం తర్వాత పౌడర్లు. మందిరంలో రెండు వరసలుగా ఎదురెదురు కూర్చుని చౌతాల్ పాడారు, ఢోలక్, తాళాలు, నెమ్మదిగా మొదలై గొంతులు పోయేదాకా. పాడేవాళ్ళలో సగం మందికి ఆ భోజ్‌పురికి అర్థం తెలీదు, పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. పక్కింటి ఆఫ్రికన్ కుర్రాళ్ళు అందరికన్నా ముందే బకెట్లతో సిద్ధం. ఇంతకు ముందు చెప్పిన గీత ఈ ఒక్కరోజు కనపడలేదు. లోకల్ లీడర్లు తెల్ల చొక్కాల్లో వచ్చి, రంగు కొద్దిగా పూయించుకుని, ఫోటో దిగి, వేరే మందిరానికి వెళ్ళిపోయారు. అందులో మాత్రం మనకీ వాళ్ళకీ తేడా లేదు.

భోజనం తామరాకు లాంటి పెద్ద గుండ్రటి ఆకు మీద. సెవెన్ కర్రీ అంటారు, అన్నం చుట్టూ గుమ్మడి, శనగలు–దుంప, వంకాయ, చేమ, తోటకూర, మామిడికాయ, కటహర్ అనే పనస తమ్ముడు, పైన పల్చటి పప్పు. ఆకు అంచులు పైకి పట్టుకోవాలి, లేకపోతే పప్పు ఒళ్ళోకి వస్తుంది. నేను చేత్తో కలుపుకుని తింటుంటే ఎదురుగా ఉన్న ముసలాయన చాలాసేపు చూసి, "నువ్వు ముద్ద మా అమ్మమ్మలా కలుపుతున్నావ్" అన్నాడు. వాళ్ళు మద్రాసీలట.

1838 మే 5న మొదటి రెండు ఓడలు విట్బీ, హెస్పరస్ కలకత్తా నుంచి కూలీలని తెచ్చాయి, 1917 దాకా సుమారు 2 లక్షల 39 వేల మంది వచ్చారు. అందులో మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్ళు పదిహేను వేల పైచిలుకు, తమిళులూ తెలుగువాళ్ళూ కలిసి. ఇక్కడ అందర్నీ మద్రాసీ అనేశారు. ఆయన ఇంటిపేరు స్వామితో ముగుస్తుంది, ఏ జిల్లా అంటే తెలీదు, మాట ఒక్కటి మిగల్లేదు. ఆదివారం కాళీ గుడికి రా అన్నాడు.

మార్చి 15, శనివారం, స్కెల్డన్

తూర్పు చివర, సురినామ్ సరిహద్దు దగ్గర. 2009లో ప్రభుత్వం ఇక్కడ కొత్త చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది, కట్టింది చైనా కంపెనీ, ఖర్చు దాదాపు 20 కోట్ల అమెరికన్ డాలర్లు. సరిగా నడవలేదు, 2017లో మూతపడింది. అదే ఏడు రోజ్‌హాల్, ఎన్‌మోర్ కూడా మూసేశారు, వేలమంది రోడ్డున పడ్డారు, అందులో ఎక్కువమంది ఇండియన్లు. మూసింది అప్పటి పీఎన్‌సీ కూటమి, అందుకే తమకి ఓటెయ్యరని కక్షతో మూశారని ఇక్కడివాళ్ళు, నష్టాలు భరించలేక మూశారని వాళ్ళు. ఇప్పటి ప్రభుత్వం రోజ్‌హాల్ తెరిచింది, డబ్బు పోస్తూనే ఉంది, అయినా 2024లో దేశం మొత్తం మీద తీసిన చక్కెర 47 వేల టన్నులు, 1970ల్లో మూడు లక్షల టన్నులు దాటిన దేశం. వరి మాత్రం ఏడు లక్షల టన్నులు దాటింది.

గేటు ఎదురుగా రమ్ షాపులో ఒకాయన చేతులు చూపించాడు, కుడి అరచెయ్యి నిండా కాయలు కాసి తోలు పట్టీలా ఉంది, చూపుడువేలు పూర్తిగా చాపలేడు. ఇరవై ఆరేళ్ళు చెరకు కొట్టాడు. ఇప్పుడు రోడ్డు కాంట్రాక్టరు దగ్గర జెండా ఊపే పని, రోడ్డు ఒకపక్క ఆపి ఒకపక్క వదలడం. జీతం పాతదానికన్నా ఎక్కువే. కొడుకులు చెరకు కొడతారా అంటే నవ్వాడు. పెద్దాడు ఆయిల్ సప్లయి పడవలో వంటవాడు, చిన్నోడు యూనివర్సిటీలో చేరాడు, 2025 జనవరి నుంచి యూనివర్సిటీ ఆఫ్ గయానాలో ఫీజు తీసేశారు కదా. ప్రైవేటులో కనీస జీతం 2025 మార్చినాటికి నెలకి 60,147, అంటే మన పాతిక వేలు, జార్జ్‌టౌన్‌లో ఒక గది అద్దెకి చాలదు. ముసలాళ్ళ పింఛను 2025 బడ్జెట్లో 41 వేలు చేశారు. ఆ బడ్జెట్ మొత్తం లక్షా 38 వేల కోట్ల గయానా డాలర్లు, అయిదేళ్ళ కిందటి అంకెతో పోలిస్తే నాలుగు రెట్లకి పైమాటే. ఆయిల్ డబ్బు న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఒక ఫండ్ ఖాతాలో పడుతుంది, పార్లమెంటు ఒప్పుకున్నంత తీసి బడ్జెట్లో కలుపుతారు. కలిపాక ఆ రూపాయి ఏ రోడ్డుకి వెళ్ళింది, ఆ రోడ్డు ఎవరి బావమరిదికి వెళ్ళింది అన్నదే రోజూ గొడవ.

మార్చి 16, ఆదివారం, ఆల్బియన్, మళ్ళీ జార్జ్‌టౌన్

కాళీ గుళ్ళో తప్పెట్లు మోగుతున్నాయి, నిజం తప్పెట్లే, తోలు మంట మీద కాచి బిగిస్తున్నారు. వేపాకులు, పసుపు నీళ్ళు, కల్లుకి బదులు రమ్. ఒకావిడకి పూనకం వచ్చింది. మా గ్రామదేవత జాతరకి వచ్చినట్టే ఉంది నాకు. కాకపోతే గుడి బయట పార్కింగ్‌లో ఇద్దరు ఆడవాళ్ళు లక్ష డాలర్ల చెక్కు రాలేదని, లిస్టులో స్పెల్లింగు తప్పు పడిందని చెప్పుకుంటున్నారు.

సాయంత్రం జార్జ్‌టౌన్ సీవాల్. ఆదివారం ఊరు మొత్తం గోడ మీదే, పాటలు, బార్బెక్యూ, గాలిపటాలు. పక్కన కూర్చున్న రిటైర్డ్ టీచరు, ఆఫ్రికన్ ఆయన, నేను బెర్బీస్ నుంచి వస్తున్నా అనగానే, "అయితే ఒకవైపు కథ విన్నావన్నమాట" అన్నాడు. ఆయన కథలో పిండి బందు చేసిన బర్నమ్ స్కూళ్ళు కట్టించి నర్సరీ నుంచి యూనివర్సిటీ దాకా చదువు ఫ్రీ చేసిన మనిషి. ఇప్పుడు కాంట్రాక్టులన్నీ ఒక రంగువాళ్ళకే పోతున్నాయని, మా ఊళ్ళకి జెండా ఊపే పనులని ఆయన మాట. జెండా ఊపే ఇండియన్‌ని నిన్ననే చూశానని చెప్పాను. ఒప్పుకోలేదు. కానీ వెనిజులా మాట రాగానే ఇద్దరు ముగ్గురు పక్కవాళ్ళు కూడా చేరారు. ఎస్సెకిబో ప్రాంతం, దేశంలో మూడింట రెండొంతులు, మాదేనని వెనిజులా అంటుంది. 1899లో పారిస్ తీర్పు వీళ్ళకి ఇచ్చింది, ఇప్పుడు కేసు అంతర్జాతీయ కోర్టులో ఉంది, 2023 డిసెంబర్లో వాళ్ళు రెఫరెండం కూడా పెట్టుకున్నారు. ఈ నెల ఒకటిన వాళ్ళ కోస్ట్‌గార్డ్ ఓడ ఆయిల్ తీసే షిప్పుల దాకా వచ్చెళ్ళింది. ఈ ఒక్క విషయంలో గోడ మీద అందరిదీ ఒకే మాట. టీచరు రెండు వేళ్ళు చూపించి, "రెండు పర్సెంటే అయినా మాదే కదా" అన్నాడు, అందరూ నవ్వారు.

మొత్తం ఖర్చు, విమానం కాకుండా, 600 అమెరికన్ డాలర్లు దాటింది, అందులో పెద్ద ముక్క గెస్ట్‌హౌస్‌కే. వెళ్ళాలనుకుంటే మే నుంచి జూలై వానల్లో మాత్రం వద్దు.

న్యూజెర్సీ వచ్చాక సోమవారం లంచ్ టైములో మా కొలీగ్ స్పీకర్‌లో ఆంటీకి ఫోన్ చేశాడు. అప్పటికి ఎన్నికలు ఆ ఏడాదే, అంటే 2025లోనే ఉన్నాయి. ఓటరు లిస్టు ఇక్కడో వింత, 2020లోనే 6 లక్షల 61 వేల పేర్లున్నాయి, దేశంలో పిల్లాపాపతో కలిపి ఉన్నది ఎనిమిది లక్షలు, బయటి దేశాలకి పోయినవాళ్ళ పేర్లు తీసెయ్యరు కదా మరి. మావాడి పేరు కూడా పోర్ట్ మోరాంట్‌లో అలాగే ఉంది, కానీ వెళ్ళి వెయ్యాల్సిందే. ఆంటీ అదే పట్టుకుంది, "టికెట్ ఇప్పుడే తీసుకో, ఎన్నికల తేదీ చెప్పాక రేటు పెంచేస్తారు." వీడు నసిగాడు, ఒక్క ఓటు కోసం ఎనిమిదొందల డాలర్లా అని. "నీ లక్ష చెక్కు తీసుకోడానికైతే వస్తానన్నావు కదరా" అంది. అది నాకిస్తారో లేదో తెలీదు ఆంటీ, అన్నాడు వీడు. అవతల కాసేపు మాట లేదు, తర్వాత నన్ను పిలిచి ఆవకాయ ఎలా పెడతారో చెప్పమంది, మామిడికాయలు రాలుతున్నాయట.